చెదపురుగు – ఎడారి నేల

మునగపాక ప్రాంతపు చెరకురైతు వద్ద చెదపురుగు ప్రస్తావన తెస్తే మంచిమాట వినబడదు. నాటిన ముచ్చె మొలకెత్తకముందే దానిని తొలిచివేసే పురుగది. అయినా, ఆ పురుగు కట్టిన పుట్టకే నాగులచవితినాడు ఆ ఇంటి ఆడపడుచులు పాలు పోస్తారు. తొలకరి వానలకు ఆ పుట్టమీదనే గొడుగులు లేస్తాయి. ఈ సంబంధాన్ని మన భాష ‘పుట్టగొడుగు’ అనే ఒక్క మాటలో ఏనాడో చెప్పివేసింది. శాస్త్రజ్ఞులు మాత్రం పుట్టను త్రవ్వి చూడవలసివచ్చింది.

అట్లా త్రవ్విన తొలివారిలో ఒకడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. 1728లో బాల్టిక్ తీరసీమలో జన్మించి, లినేయస్ వద్ద విద్య నేర్చి, 1768లో డేనిష్‌వారి తరంగంబాడికి వైద్యుడుగా వచ్చినాడు. పిదప ఆర్కాటు నవాబు కొలువులో ప్రకృతి పరిశోధకుడైనాడు. పుట్టల లోపల చెదలు స్పంజివలె కట్టుకొన్న తుట్టెలను, వాటిపై పెరిగే తెల్లని బూజును గమనించి, చెదలను గూర్చిన తన వ్యాసాన్ని 1779లో బెర్లిన్‌లో ప్రకటించినాడు. కలకత్తా ప్రయాణంలో విశాఖపట్టణంలో పాట్రిక్ రస్సెల్‌ను కలుసుకొన్నాడు. రక్తవిరేచనాలు పట్టుకొన్నవి. సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్ చికిత్స చేసినా ఫలితం లేకపోయింది. 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూసినాడు. ఆ పుట్టలు విప్పిన చేతులు తెలుగునేలలోనే విశ్రమించినవన్న సంగతి మనలో ఎందరికి తెలుసు?

ఆ బూజు పని ఏమిటి? ఎండుటాకులోని గట్టి పదార్థం చెదకు నేరుగా జీర్ణం కాదు. తిన్నదానిని తుట్టెగా పేర్చి, బూజుచేత మెత్తబరపించి, మళ్ళీ తింటుంది. మన ఇంట పిండి పులియబెట్టడం వంటిదే ననుకోండి.

కోనిగ్ చూసినవి వానలు కురిసే సీమలోని పుట్టలు. చెద విలువ నిజంగా తెలిసేది వాన అరుదైన ఎడారిలో. కుళ్ళడానికి తడి కావాలి. తడి లేనిచోట రాలిన ఆకు ఎండి అట్లాగే పడివుంటుంది. వానపాము అక్కడ బ్రతకలేదు. చెద మాత్రం పుల్లపై తడిమట్టి పొర కప్పి, ఆ నీడలో దానిని కొరికి, నేలలోనికి మోసుకొనిపోతుంది. బూజుతోట పెంచని జాతులకు కడుపులోని సూక్ష్మజీవులే ఆ పని చేసిపెడతాయి. చచ్చిన గడ్డి మళ్ళీ మన్నులో కలిసే దారి చాలావరకు అదే.

అమెరికాలోని చిహువాహువా ఎడారిలో కొన్ని మళ్ళలో చెదలను మందుతో నిర్మూలించి నాలుగేళ్ళ తరువాత పరీక్షించినారు. 1986లో ఆ ఫలితాలు వెలువడినవి. పొదలు లేనిచోట, చెదలున్న నేల గంటకు సుమారు 88 మిల్లీమీటర్ల నీటిని ఇంకించుకోగా, చెదలు లేని నేల 51 మిల్లీమీటర్లతో ఆగిపోయింది. సొరంగాలు పూడిపోయినవి, మిగిలిన నీరు మట్టిని వెంటబెట్టుకొని పల్లానికి పారిపోయింది.