కడప రాళ్ళలోని చిరునామాలు

ప్రొద్దుటూరులోగాని జమ్మలమడుగులోగాని ఇంటి అరుగు మీద పరచిన నాపబండను చూడని విద్యార్థి ఉండడు. ఒకనాటి సముద్రపు అడుగున పేరుకొన్న సున్నపు బురదే ఆ బండ. "ఇంత పాత రాయి గదా, ఇందులో డైనోసారు ఎముకలు దొరకవా?" అని తరగతిలో ఎవరైనా అడగవచ్చును. దొరకవు. ఎందుకు దొరకవో, వాటికి బదులు ఏమి దొరికినవో చూద్దాము.

భారత భూవిజ్ఞాన సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్ కడప, కర్నూలు రాళ్ళను పరిశీలించి 1872 లో ఒక గ్రంథం ప్రకటించాడు. రాతి పొరలను క్రిందినుండి పైకి వరుసగా పేర్చి, వాటికి ఇక్కడి ఊళ్ళ పేర్లు, ఏళ్ళ పేర్లు పెట్టాడు. పాపఘ్ని, వేంపల్లె, పులివెందుల, జమ్మలమడుగు అనే మాటలు అట్లా భూవిజ్ఞాన గ్రంథాలకెక్కినవి. ఏ దేశపు శాస్త్రజ్ఞుడైనా ఆ పేరు చదివి, ఇక్కడికి వచ్చి, కింగ్ చెప్పినది నిజమో కాదో స్వయంగా చూచుకోవచ్చును. అంటే ఊరి పేరు ఆ విజ్ఞానానికి చిరునామా అయినది.

పులివెందులకు తూర్పుగా వేంపల్లె వైపు సున్నపురాళ్ళలో ఉల్లిపొరలవంటి చారలు గుమ్మటాల రూపంలో కనబడుతవి. వీటిని స్ట్రోమటోలైట్లు అంటారు. లోతులేని సముద్రజలంలో కంటికి కనబడని సయనోబాక్టీరియా జిగురు చాపలాగా పరచుకొని, నీటిలోని సున్నపు రేణువులను పట్టి ఉంచేవి. పైన మట్టి పేరుకొన్నప్పుడల్లా అవి వెలుతురు కొరకు పైకి ప్రాకి మరొక పొర కట్టేవి. భూమి మీది గాలిలో ప్రాణవాయువును నింపినది ఇటువంటి జీవులే. పడమటి ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో ఇవి నేటికీ సజీవంగా పెరుగుతున్నవి.

పులివెందుల ప్రాంతంలో రాతి పొరల మధ్యకు కరిగిన నల్లరాయి చొచ్చుకొని గడ్డకట్టినది. యురేనియం సీసంగా మారే వేగాన్నిబట్టి దాని వయస్సు సుమారు 188 కోట్ల సంవత్సరాలని 2008 లో ప్రకటించారు. క్రింద ఉన్న వేంపల్లె రాయి అంతకన్న పాతది. గట్టి చిప్పలుగల జంతువులు బాగా వ్యాపించి సుమారు 54 కోట్ల సంవత్సరాలు, డైనోసార్లు పుట్టి సుమారు 23 కోట్ల సంవత్సరాలు మాత్రమే అయినవి. కాబట్టి ఈ రాళ్ళలో వాటి ఎముకలను వెతకడం, మనుమడి పెండ్లి ఫోటో తాతగారి బాల్యపు పెట్టెలో వెతకడం వంటిదే. వయస్సు సరిపోయిన రాళ్ళున్న గోదావరి లోయలో, పూర్వపు అదిలాబాదు జిల్లాలో దొరికిన కోటసారస్ ఎముకలను మాత్రం హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన కేంద్రంలో చూడవచ్చును.

అయితే రాయి పాతదైనా, దానిలో తరువాత ఏర్పడిన గుహలలో కొత్త ఎముకలు చేరవచ్చును. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలు ఏర్పడినది మన నాపరాతి వర్గపు సున్నపురాతిలోనే. అక్కడి ఎముకలను గురించి కెప్టెన్ న్యూబోల్డ్ 1844 లో వ్రాశాడు. నలభై ఏండ్ల తరువాత, ఇంగ్లండులోని హక్స్లీ సూచనపై మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ శ్రద్ధ వహించగా, రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ అక్కడ త్రవ్వకాలు జరిపారు. దొరికిన ఎముకలను 1886 లో లిడెక్కర్ వర్ణించాడు. వాటిలో ఒక ఖడ్గమృగం ఉన్నది. దానికి అతడు కర్నూలు పేరే పెట్టాడు. నేడు ఆఫ్రికాలోనే ఉన్న మచ్చల దుమ్ములగొండి ఎముకలూ వాటిలో ఉన్నవి. న్యూబోల్డ్ చోటు చెప్పి వ్రాయకపోతే ఫుట్‌కు దారి దొరికేది కాదు.

ఇక జమ్మలమడుగునుండి దక్షిణంగా వస్తే ముద్దనూరు మండలంలో చింతకుంట ఉన్నది. అక్కడి కొండరాళ్ళ నీడలోని చిత్రాలను 1980లలో ఆస్ట్రియా దేశీయుడు ఎర్విన్ నోయ్‌మాయర్ పండితలోకానికి తెలియజేశాడు. ఎక్కువ బొమ్మలు జాజు రంగువి, కొన్ని తెల్లనివి. జింకలు, మూపురం గల ఎద్దులు, మనుష్యులు వాటిలో కనబడతారు.

ఎముక, బొమ్మ ఒకదాని లోటును మరొకటి తీర్చగలవు. మూపురం మాంసమే గనుక ఎముకల కుప్పలో అది మిగలదు. చిత్రకారుడి గీతలో మిగిలినది. ఎముకలు ఉన్న మట్టి పొర వరుస వాటి కాలాన్ని తెలుపుతుంది. బొమ్మకు అటువంటి పొర ఉండదు. దాని పక్క బొమ్మలు, ఒకదానిపై ఒకటి పడిన గీతలు, రాతి తీరు మాత్రమే సాక్ష్యం. కాబట్టి ఏది దొరికినా అది ఉన్న చోటే దాని విలువలో సగం.

ఈ సాక్ష్యాలు శాశ్వతం కావు. పులివెందుల పరిసరాలలో రాతినార, ముగ్గురాయి త్రవ్వారు. నాపరాయి గనులు కొండలను తరుగుతున్నవి. బొమ్మ తేటగా కనబడాలని నీళ్ళు చల్లడం, ప్రక్కన పేరు చెక్కడం వేల సంవత్సరాలు నిలిచిన రంగును చెరుపుతవి. వేంపల్లె గుమ్మటపు ముక్క ఒకటి పగులగొట్టి ఇంటికి తెచ్చిన విద్యార్థికి ఒక చారల రాయి దక్కుతుంది. దానిని ముట్టుకోక, కొలత కోసం ప్రక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, ఊరు, వాగు, దిక్కు, తేదీ వ్రాసి తరగతికి చూపినవాడు పదిమందికి చిరునామా ఇచ్చినవాడవుతాడు. కింగ్, న్యూబోల్డ్ చేసినదీ అదే. పాఠశాలలో అటువంటి ఒక నోటుపుస్తకం మొదలుపెట్టడానికి ఉపాధ్యాయులకు వేరే పరికరమేదీ అక్కరలేదు.