చిమిండైంగ్ యుద్ధబిరుదు: మద్రాసు సిపాయికి దక్కిన గౌరవం, అందిన భృతి

యాంగోన్ (నాటి రంగూన్) నగరానికి పడమటి అంచున, లైంగ్ నది ఒడ్డున ఉన్న చిమిండైంగ్ పేట పేరు ఆంగ్లేయుల దస్త్రాలలో ‘కెమ్మెండైన్’గా మారి, మద్రాసు సైన్యంలోని ఒక పటాలానికి యుద్ధబిరుదుగా స్థిరపడింది. యుద్ధబిరుదు అంటే ఒక పోరాటంలో చూపిన పరాక్రమానికి గుర్తుగా, ఆ స్థలం పేరును తన జెండామీద ధరించేందుకు ప్రభుత్వం పటాలానికి ఇచ్చే హక్కు. ఇది వ్యక్తికి కాక పటాలానికి చెందుతుంది కనుక, సిపాయి మరణించినా బిరుదు మిగులుతుంది. పటాలం రద్దయితే మాత్రం దానిని మోసేవారు ఉండరు. మాజీ సైనికుల పట్ల ప్రభుత్వ బాధ్యతను చర్చించేటప్పుడు గౌరవాన్నీ భృతినీ ఒకే గాటన కట్టడం పరిపాటి అయినా, ఈ రెండూ వేర్వేరు దారుల్లో నడిచాయని చిమిండైంగ్ ఉదంతం చూపుతుంది.

మొదటి ఆంగ్లో-బర్మా యుద్ధంలో సర్ ఆర్చిబాల్డ్ క్యాంప్‌బెల్ సేన 1824 మే 11న రంగూన్‌ను పట్టుకుంది. ఈ దండయాత్రకు సేనలో అధిక భాగాన్ని సమకూర్చినది మద్రాసు ప్రభుత్వమే. బర్మా సరిహద్దుకు బయలుదేరమన్న ఆజ్ఞను ధిక్కరించి బరక్‌పూర్‌లో బెంగాల్ సిపాయిలు అదే ఏడాది నవంబరులో తిరగబడగా, తెలుగువారు, తమిళులు, ముస్లిములు కలిసి ఉన్న మద్రాసు పటాలాలు అప్పటికే ఓడలెక్కి సముద్రం దాటి ఉన్నాయి. జూన్ 10న ఆంగ్లేయుల వశమైన చిమిండైంగ్ దుంగల కోటకు ఎగువ నుంచి వచ్చే నదీమార్గాన్ని కాపాడే బాధ్యత అప్పగించారు. డిసెంబరు 1న బర్మా సేనాధిపతి మహా బందుల సేన దానిని చుట్టుముట్టింది. ఆ సేనలో అరవై వేలమంది ఉన్నారని ఆంగ్లేయులు వేసిన అంచనాను గెలిచినవారి లెక్కగానే స్వీకరించాలి. మేజర్ యేట్స్ కింద 26వ మద్రాసు దేశీయ పదాతి పటాలం, మద్రాసు యూరోపియన్ రెజిమెంటులోని కొంత భాగం కోటలో నిలిచాయి. నదిలో సోఫీ అనే యుద్ధనౌక కాపు కాసింది. బర్మీయులు వెదుళ్లను గట్టిగా బిగించి, వరుసల నడుమ నూనె, దూది నింపిన మట్టికుండలు పేర్చి, నిప్పంటించి పోటు తీసే వేళ ప్రవాహంలోకి వదిలిన తెప్పలు రంగూన్ రేవులోని ఓడల మీదికి పోకుండా కోట ఉన్న నది మలుపులోనే అడ్డుకోవడం ఈ కాపలాలోని అసలు పని. తొమ్మిది రోజులపాటు కోట నిలిచింది. 26వ పటాలానికి ‘కెమ్మెండైన్’ బిరుదు దక్కింది.

గౌరవానికి రెండో రూపం పతకం. 1826 ఫిబ్రవరి 24న యాండబో సంధి కుదిరాక ఈస్టిండియా కంపెనీ తన దేశీయ సైనికులకు ప్రత్యేకంగా ఒక పతకం ముద్రించింది. దాని ఒక ముఖం మీద బ్రిటిష్ సింహం ముందు మోకరిల్లిన ఆవా (బర్మా) రాజ్యపు తెల్ల ఏనుగు, రెండో ముఖం మీద రంగూన్ మహాపగోడాపై దాడి దృశ్యం ఉన్నాయి. రాత మాత్రం పారసీకం! రంగూన్‌లో పోరాడిన గోదావరి, శ్రీకాకుళం ప్రాంతాల సిపాయిలలో ఎంతమంది దానిని చదవగలిగి ఉంటారన్నది వేరే సంగతి. అదే యుద్ధంలో పోరాడిన యూరోపియన్ సైనికులు పతకం కోసం 1851 దాకా ఆగవలసి వచ్చింది. అదైనా అప్పటికి బతికి ఉన్నవారికే. వలస సైన్యంలో దేశీయుడు ముందు వరుసలో నిలిచిన అరుదైన సందర్భమిది. అయితే ఏనుగును మోకరిల్లజేసిన ఆ బొమ్మలో సిపాయికి చోటు లేదన్నది గమనించాలి.

భృతి విషయంలో మద్రాసు ప్రభుత్వ ఏర్పాట్లు పతకంకంటే లోతైనవి. విదేశ సేవకు వెళ్లే సిపాయి తన జీతంలో కొంత భాగాన్ని ఇంటివద్ద కుటుంబానికే చెల్లించేలా రాసి ఇచ్చే పద్ధతి ఉండేది. యుద్ధంలో గాని సముద్రాంతర సేవలో గాని మరణించినవారి వారసులకు పింఛను ఉండేది. సేవకు పనికిరాని స్థితికి చేరినవారిని అశక్తుల పట్టీలోకి మార్చి పింఛను ఇచ్చేవారు. మద్రాసు సైన్యానికి ప్రత్యేకమైన మరో ఏర్పాటు ‘పింఛను బాలురు’, ‘రిక్రూటు బాలురు’ అన్న వర్గాలు: సిపాయిల కొడుకులను చిన్ననాడే పటాలం పట్టీలో చేర్చుకుని కొద్దిపాటి జీతం ఇచ్చేవారు, ఈడు వచ్చాక వారిని సైనికులుగా తీసుకునేవారు. అనాథ రక్షణా, తరువాతి తరం సిపాయిల సరఫరా ఒకే పద్దు కింద సాగిన ఈ ఏర్పాటును దయగా మాత్రమే చదవడం పొరపాటు. ఈ యుద్ధంలో శత్రువు ఆయుధంకంటే జ్వరాలు, విరేచనాలు ఎక్కువమందిని బలిగొన్నాయి కాబట్టి, వారసుల పింఛను అన్నది ఆనాటి సిపాయి కుటుంబాలకు కాగితం మీది మాట కాదు. 1837లో ఏర్పడిన ఇండియన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్ గౌరవాన్నీ భృతినీ ముడివేసింది: పతకంతోపాటు అదనపు జీతం, గ్రహీత మరణించాక భార్యకు మూడేళ్లపాటు ఆ భృతి లభించేవి.

గౌరవం ఎంత త్వరగా ఆవిరైందో తరువాతి చరిత్ర చెబుతుంది. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సేనాధిపతిగా ఉన్న రాబర్ట్స్ దక్షిణాది సిపాయిని యుద్ధానికి పనికిరానివాడిగా తీర్మానించాడు. ఆ శతాబ్ది చివరి దశకంలో తెలుగువారి నియామకమే నిలిచిపోయింది. 26వ పటాలం 86వ కర్నాటిక్ పదాతి దళమై, 1922లో 3వ మద్రాసు రెజిమెంటులో శిక్షణ పటాలంగా కలిసి, 1928 నాటికి ఆ రెజిమెంటుతోపాటే రద్దయింది. చిమిండైంగ్ పేరు మోసే జెండా లేకుండా పోయింది.

రెండో ప్రపంచయుద్ధంలో గౌరవం, భృతి విషయంలో ఇదే రంగూన్ నగరం మరో చిక్కు తెచ్చింది. 1944 జనవరిలో సుభాష్ చంద్రబోస్ ఆజాద్ హింద్ ఫౌజు ప్రధాన స్థావరాన్ని రంగూన్‌కు మార్చగా, బర్మాలోని భారతీయులు సైన్యానికి డబ్బు ఇచ్చారు, తామూ చేరారు. ఆ ఫౌజులో చేరిన సైనికులను స్వతంత్ర భారత సైన్యం తిరిగి తీసుకోలేదు. 1972 ఆగస్టు 15న ప్రారంభమైన స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకంలోకి వారు సైనికులుగా కాక సమరయోధులుగా చేరారు. అటు బ్రిటిష్ పక్షాన పోరాడి సమాధి దక్కక మరణించిన భారతీయ సైనికుల పేర్లు యాంగోన్‌కు ఉత్తరాన తౌక్చాన్‌లోని రంగూన్ స్మారకం మీద చెక్కి ఉన్నాయి.

నేటి ఆంధ్రప్రదేశ్‌లో భృతి వ్యవస్థ 1919లో ఏర్పడిన ఇండియన్ సోల్జర్స్ బోర్డు వారసత్వంలోనిది. కేంద్రీయ సైనిక బోర్డు, దాని కింద రాష్ట్ర, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉండగా, వీటి ఖర్చులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. రాష్ట్రం నేరుగా ఇచ్చేవాటిలో ఉద్యోగాలలో 2 శాతం రిజర్వేషను, రెండున్నర ఎకరాల మాగాణి లేదా ఐదెకరాల మెట్ట భూమి ముఖ్యమైనవి. ఇలా పొందిన భూమిని పదేళ్ల తరువాత అమ్ముకునే వెసులుబాటు మాజీ సైనికుడికి ఉన్నా, రిజిస్ట్రేషను వేళ అది నిషేధిత జాబితాలో కనబడి, నిరభ్యంతర పత్రం కోసం కలెక్టరు కార్యాలయం చుట్టూ తిరగవలసి రావడం ఈ వ్యవస్థలో చాలాకాలం ఉంటూ వచ్చిన జబ్బు. కంపెనీ కాలపు అశక్తుల పట్టీ నుంచి నేటి సైనిక సంక్షేమ కార్యాలయం దాకా రాజ్యం మారినా భృతి అన్న భావన తెగిపోలేదు, ఎందుకంటే అది సేవకు బదులు.

గౌరవం అలా కాదు. అది ఎవరి రాజ్యమన్న ప్రశ్నతో ముడిపడి ఉంటుంది. 1825 ఏప్రిల్‌లో దనుబ్యూ వద్ద మరణించిన మహా బందుల పేరు ఇవాళ యాంగోన్ నడిబొడ్డున ఒక రోడ్డుకూ, స్వాతంత్ర్య స్తంభం నిలిచిన ఉద్యానవనానికీ ఉంది. కోటను కాచిన సిపాయికి అటువంటి చోటు అక్కడా లేదు, ఇక్కడా లేదు. పరాయి రాజ్య విస్తరణకు పోరాడిన అతడికి విగ్రహం కోరడం సబబు కాదు, అతని పేరు తెలుసుకోవడం మాత్రం సబబే. మద్రాసు ప్రభుత్వపు సైనిక దస్త్రాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిలోని వారసుల పింఛను పట్టీల నుంచి తెలుగు జిల్లాల సిపాయిల పేర్లు, ఊర్లు ఏరి ప్రచురించే పనిని రెండు తెలుగు రాష్ట్రాల పురావస్తు, చరిత్ర విభాగాలు చేపట్టాలి.