చచ్చినవాళ్ల కోసం రాసిన గోడలు

నైలు నదికి తూర్పు ఒడ్డు. నీళ్ల పక్కన కాసిని ఖర్జూరపు చెట్లు, వాటి వెనక ఇసుక. ఉత్తర సూడాన్‌లోని ఓల్డ్ డంగోలా ఇది. తొమ్మిది వందల ఏళ్ల కిందట మకూరియా అనే క్రైస్తవ రాజ్యానికి ఇదే రాజధాని అంటే నమ్మబుద్ధి కాదు. 1964 నుంచి పోలండ్ పురావస్తు బృందాలు ఇక్కడ ఇసుక తోడుతున్నాయి. తోడే కొద్దీ చర్చో, మహలో బయటపడుతూనే ఉంది.

మనం వెళ్తున్నది ‘కోమ్ హెచ్’ అని తవ్వకాలవాళ్లు పిలిచే దిబ్బ దగ్గరికి. దాని కింద ఒక పెద్ద మఠం ఉంది. మకూరియా క్రైస్తవ సంఘం అలెగ్జాండ్రియా కాప్టిక్ ఆర్థడాక్స్ పాట్రియార్కు ఏలుబడిలో ఉండేది. మఠానికి వాయవ్యంగా ఉన్న కట్టడంలో 1993లో ఒక భూగర్భ సమాధి దొరికింది. దాన్ని శుభ్రం చేసి క్షుణ్ణంగా చూడడం 2009లో మొదలైంది. ఆ ఏడాదే దిగుదాం.

కడసారి శవాన్ని లోపల పెట్టాక గుమ్మాన్ని ఎర్ర ఇటుకలతో, బురద అడుసుతో మూసేశారు. ఆ గుమ్మం దాటితే కాళ్ల దగ్గర ఏడుగురు. అందరూ మగవాళ్లే, నలభై దాటినవాళ్లే. ఎవరూ లేపనాలు పూయకుండానే ఎండి నిలిచిన దేహాలు, చెమ్మకి బాగా పాడయ్యాయి. ఒంటి మీద చాలావరకు నార వస్త్రాలే. ఇంత పెద్ద మఠంలో ఇంత గొప్ప సమాధి కట్టించుకున్నవాళ్లకి జరీలూ పట్టులూ ఉంటాయనుకుంటాం. కొందరికి ఒక శిలువ, అంతే. దగ్గర్లో దొరికిన సమాధి ఫలకం ఒక పేరు చెబుతోంది: ఆర్చిబిషప్ గియోర్గియోస్, 1113లో 82వ ఏట కన్నుమూశాడు. ఈ గది ఆయన కోసమే కట్టిందనీ, ఈ ఏడుగురిలో ఆయనా ఉన్నాడనీ పండితుల నమ్మకం.

ఇప్పుడు దీపం పైకెత్తండి. పల్చగా సున్నం కొట్టిన గోడల నిండా నల్ల సిరాతో అక్షరాలు! గ్రీకు కొంత, కాప్టిక్ కొంత. బయట జనం మాట్లాడింది నూబియన్ భాష. లోపల దాని జాడ లేదు. మత్తయి, మార్కు, లూకా, యోహాను సువార్తలు కనిపిస్తాయి, కానీ పూర్తిగా కాదు. ఒక్కో సువార్త మొదలూ చివరా రాసి ఊరుకున్నారు. ఆ రెండు కొసలూ పట్టుకుంటే మధ్యలోదంతా చేతిలో ఉన్నట్టే అని కాబోలు. ఆ పక్కన పవిత్ర నామాలు, అర్థం తెలియని గుర్తులు, మంత్రాక్షరాల్లాంటివి. మరోచోట మరియమ్మ చివరి ఘడియల కథ: మృత్యువు ఆమె ఎదుటికి కోడిపుంజు రూపంలో వస్తుంది, ఆపైన యేసు ఆమె ఆత్మను వెంటబెట్టుకుని పరలోకానికి వెళ్తాడు. బిషప్పులు మెచ్చిన సమాధిలో ఈ కోడిపుంజు ఎలా దూరిందా అని నాకు ముచ్చటేసింది.

ఆడం లయ్తార్, జాక్ వాన్ డెర్ వ్లీట్ అనే పరిశోధకులు ఈ గోడలన్నీ చదివి తేల్చింది ఒకటుంది. ఈ రాతలు అలంకారం కాదు, చచ్చినవాళ్లకి రక్ష. ఈ లోకం విడిచి ఆ లోకం చేరేలోపు దారి ప్రమాదకరమైనదని అప్పటివాళ్ల భయం. ఆ దారిలో ఆసరాగా నాలుగు వైపులా అక్షరం నిలబెట్టారు. అంటే బతికున్నవాళ్ల కోసం రాసింది ఇందులో ఏదీ లేదు. ఇటుకలు పేర్చాక ఇక్కడ దీపం ఉండదు, చదివేవాడూ ఉండడు. పిలవని చోటికొచ్చి, మనకి రాయని ఉత్తరం చదువుతున్నాం మనం.

కానీ రాసినవాడికి మాత్రం తన పేరు చెప్పుకోవాలనిపించింది. యోవన్నెస్. మూడు గోడల మీద సంతకం చేశాడు. నాలుగో గోడ మీదా ఉందేమో, ఆనవాలు అంత స్పష్టంగా లేదు.