కాంతినిచ్చే జీవులపై అమెరికా తపాలా బిళ్ళలు

స్వయంగా కాంతినిచ్చే జీవుల చిత్రాలతో అమెరికా తపాలా శాఖ 2018 ఫిబ్రవరి 22న ఫ్లోరిడా రాష్ట్రంలోని ఫోర్ట్ పియర్స్‌లో పది రకాల తపాలా బిళ్ళలను విడుదల చేసింది. పుట్టగొడుగు, మిణుగురు పురుగు మినహా మిగిలిన ఎనిమిదీ సముద్ర జీవులే. పలు చిత్రాలను సముద్ర శాస్త్రవేత్త ఈడిత్ విడ్డర్ తీశారు.

వీటిలో లోతు సముద్రపు ఆక్టోపస్ విశేషమైనది. ఇతర ఆక్టోపస్‌లకు పట్టునిచ్చే చూషకాలు దీనికి నీలి ఆకుపచ్చ కాంతిని వెదజల్లుతాయి. ఆ కాంతికి ఆకర్షితమై వచ్చే చిన్న జీవులే దానికి ఆహారమవుతాయని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

ఈ బిళ్ళలు చీకటిలో వెలుగుతాయని రాయడం మాత్రం సరికాదు. వాటి తయారీలో వాడిన హోలోగ్రాఫిక్ పదార్థం వెలుతురు పడినపుడే తళుకులీనుతుంది. ఇవి ‘ఫరెవర్’ తరగతికి చెందినందున, నాడు 50 సెంట్లకు కొన్న బిళ్ళ, రుసుము పెరిగినప్పటికీ, ఆ దేశంలో ఒక ఔన్సు ఉత్తరానికి చెల్లుతుంది.