కమాన్ కట్ట కింద

పొద్దున్నే తాడేపల్లిగూడెం. ఉల్లిపాయలు దించేసిన లారీలు ఒక్కొక్కటే మార్కెట్టు దగ్గర్నుంచి కదులుతున్నాయి. రోడ్డు పక్క రేకుల షెడ్డులో మీరు పాత టైరు మీద కూర్చున్నారు. ఎదురుగా, వెనక చక్రాలు ఊడదీసిన బొలెరో పికప్ దుంగల మీద నిలబడి ఉంది. మేస్త్రీ యూ బోల్టు నట్టుకు పానా తగిలించి, దానికి ఇనుప గొట్టం తొడిగి వేలాడాడు. కిర్రుమంది. తుప్పు కళ్ళలో పడకుండా ముందే మొహం తిప్పుకున్నాడు.

కమాన్ కట్ట, అంటే లీఫ్ స్ప్రింగు, కిందికి దిగింది. సెంటర్ బోల్టు తీయగానే పట్టీలు దేనికది విడిపోయాయి. మూడోది నడిమికి విరిగి ఉంది. విరిగిన చోట సగం నల్లగా, సగం మెరుస్తూ కనిపిస్తోంది.

"నల్లగా ఉన్నది పాత పగులండి. మెరిసేది నిన్నటిది."

ఓనరుది కైకలూరు వైపు. బతికున్న కొర్రమీనులు, చేపపిల్లలు ట్యాంకులో వేసుకుని చెరువులకు తోలతాడు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే నీళ్ళే టన్ను. ఆపైన చేపలు, తొట్టి, ఆక్సిజన్ సిలిండరు, క్యాబిన్లో మనుషులు.

"ఇంకో మూడు పట్టీలెయ్యండి మేస్త్రీగారూ. బండి కూర్చోకూడదు."

"వేస్తానండి. ఖాళీగా వచ్చేటప్పుడు ఎగిరి పడేది మీ నడుమేనండి, ఆయ్."

ఓనరు నవ్వలేదు.

మేస్త్రీ రెండు పట్టీలు మీ చేతికిచ్చాడు. ఒకటి 6 మిల్లీమీటర్లు, ఇంకోటి 8. పట్టుకుంటే తేడా పెద్దగా తెలియదు. కానీ పట్టీ బిగువు మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది: ఆరుకు 216, ఎనిమిదికి 512. రెండు మిల్లీమీటర్లతోనే బిగువు రెండింతలు దాటింది. ఆయనకు ఈ లెక్కతో పనిలేదు, చెయ్యే చెబుతుంది.

అమెరికాలో ఇలాంటి బండి వెనకే మంచం, పొయ్యి ఉన్న గదిని ఎక్కించుకుని ఊళ్ళు తిరుగుతారు. ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య గాలి సంచులు కూడా పెట్టుకుంటారు. ఆ గది ప్రయాణమంతా బండి మీదే ఉంటుంది కాబట్టి కట్ట ఎప్పుడూ గట్టిగా ఉన్నా ఇబ్బంది లేదు. మన ట్యాంకు అలా కాదు. పోయేటప్పుడు కొండ, వచ్చేటప్పుడు ఖాళీ డబ్బా. అందుకే మేస్త్రీ విరిగినదాన్ని మార్చి, మూడు పట్టీల మాట పక్కనపెట్టి, కట్ట పైన హెల్పర్ పట్టీ ఒక్కటే పెట్టాడు. దాని కొసలు ఛాసిస్‌కు తగలవు, సందు ఉంది. బరువు పడి బండి దిగినప్పుడే అది ఆనుకుంటుంది. నాకైతే ఇదే సిసలైన పనితనం. పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు పూసి, కొత్త బుష్షులు వేసి బిగించాడు.

"బరువు మాత్రం పెంచకండి. ఇరుసూ, బేరింగులూ, బ్రేకులూ పాతవేనండి."

ఆర్‌సీలో రాసిన బరువూ పాతదే. కట్ట ఎంత బిగించినా ఆ అంకె మారదు.

మధ్యాహ్నం పదహారో నంబరు హైవే మీద ఏలూరు చేరి, కైకలూరు దారి పట్టారు. ఖాళీ బండి మెత్తగానే పోతోంది. పెద ఎడ్లగాడి వంతెన దగ్గర గతుకులు మొదలయ్యాయి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్ళన్నీ కొల్లేరులో పడతాయి, సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. నీళ్ళు ఎక్కినప్పుడల్లా ఈ రోడ్డు నానుతుంది, మళ్ళీ గుంటలు పడుతుంది. 2024 సెప్టెంబరు వరద లంక గ్రామాలను ఎంత ఏడిపించిందో డ్రైవరు చెబుతున్నాడు. చెబుతూనే గుంటలు తప్పిస్తున్నాడు.

కైకలూరు దాటాక ట్యాంకు ముప్పావు వంతు నింపారు. బండి దిగింది, హెల్పర్ కొసలు ఛాసిస్‌కు ఆనుకున్నాయి. ఓనరు వంగి చూసి తలూపాడు. తర్వాత చెరువు గట్టు. ఒక టైరు నల్లమట్టిలోకి దిగగానే ట్యాంకు మూతలోంచి నీళ్ళు చిమ్మాయి, బండి ఒకవైపుకు ఒరిగింది. మీ చెయ్యి తలుపు పిడి మీదకు పోయింది. కట్ట గట్టిగానే ఉంది. ఊగుతున్నది నీళ్ళు. ముప్పావు వంతు నిండిన ట్యాంకులో నీళ్ళు వాలు వైపుకే పరిగెత్తుతాయి, దానికి పట్టీలేం చేస్తాయి?

డ్రైవరు బండి ఆపాడు. ఓనరు దిగి టైరు చూశాడు, ట్యాంకు చూశాడు, ఫోను తీశాడు.

"మేస్త్రీగారూ, మీ దగ్గర వెల్డింగు చేసే కుర్రాడున్నాడా? ట్యాంకులో అడ్డపలకలు వేయించాలండి. రేపు తెస్తాను. ఆఁ, ఖాళీ ట్యాంకే."