గేరు కుదిపితే గేర్ బాక్సే దోషా?

మా బాబాయి దగ్గర ఒక పాత డీజిల్ కారుంది, ఆటోమేటిక్. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ వెళ్ళే ఆ కాస్త దూరంలోనే, గేరు మారినప్పుడల్లా వెనక నుంచి ఎవరో గుద్దినట్టు కుదిపేది. చైతన్యపురి, కొత్తపేట ట్రాఫిక్ లో ఆగి కదిలిన ప్రతిసారీ ఇదే వరస. ఒక షెడ్డులో చూపిస్తే "గేర్ బాక్స్ దించాలి, లక్ష దాటుతుంది" అన్నారు. లక్షంటే ఆ కారు ధరలో సగం. ఇక అమ్మేద్దాం అనుకున్నాడు పాపం.

నేను మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్ లో పడ్డవాణ్ణి. కారు విప్పడం రాదు గానీ, దాన్ని అలా ఎందుకు కట్టారో చదవడం వచ్చు. చదివాక తెలిసిందేంటంటే, ఈ కుదుపు వెనక పెద్ద చరిత్రే ఉంది!

ఆటోమేటిక్ గేర్ బాక్సుకి మూలమైన ఆలోచన కార్ల కోసం పుట్టింది కాదు. ద్రవం ద్వారా శక్తిని పంపే పద్ధతికి 1905లో జర్మనీలో హెర్మన్ ఫోటింగర్ పేటెంటు తీసుకున్నది ఓడల కోసం. 1939లో జనరల్ మోటార్స్ వాళ్ళు 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రామాటిక్ ని అమ్మడం మొదలెట్టారు. అది పెట్రోలు కారు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, అసలు తిరకాసంతా ఇక్కడే ఉంది.

గేరు తనంతట తాను మారాలంటే గేర్ బాక్సుకి రెండు సంగతులు తెలియాలి: బండి ఎంత వేగంతో పోతోంది, ఇంజను మీద ఎంత భారం ఉంది. మొదటిది గవర్నర్ అనే భాగం చెబుతుంది. రెండోది తెలుసుకోడానికి పెట్రోలు ఇంజనులో తేలికైన దారి ఉంది. గాలి వెళ్ళే దారిలో ఒక పలక ఉంటుంది. పెడల్ కొంచెమే నొక్కితే పలక చాలావరకు మూసుకుని ఉంటుంది, దాని వెనక మంచి వాక్యూమ్ ఏర్పడుతుంది. పూర్తిగా నొక్కితే వాక్యూమ్ దాదాపు పోతుంది. 1964లో వచ్చిన టర్బో హైడ్రామాటిక్ 400 లాంటి గేర్ బాక్సులు ఈ వాక్యూమ్ ని మాడ్యులేటర్ అనే చిన్న డబ్బాకి పంపి వాడుకున్నాయి. వాక్యూమ్ ఎక్కువుంటే గేరు మెత్తగా పడుతుంది, తక్కువుంటే గట్టిగా పడుతుంది.

మరి డీజిల్ సంగతి? ఆనాటి డీజిల్ ఇంజనులో గాలికి అడ్డంగా అలాంటి పలకే ఉండదు. పెడల్ నొక్కితే పెరిగేది ఇంధనం మాత్రమే. అంటే గేర్ బాక్స్ ఎదురుచూసే వాక్యూమ్ అక్కడ పుట్టదు. 1973 చమురు సంక్షోభం తర్వాత డీజిల్ కార్లకి గిరాకీ పెరిగింది. 1976లో మెర్సిడెస్ W123, 1978 మోడల్ గా ఓల్డ్స్‌మొబైల్ డీజిల్ వచ్చాయి. అప్పుడు ఇంజనీర్లు ఏం చేశారంటే.. లేని వాక్యూమ్ ని పుట్టించారు! ఇంజనుకి ఒక వాక్యూమ్ పంపు తగిలించి, ఇంజక్షన్ పంపు మీద ఒక వాల్వు పెట్టారు. పెడల్ నొక్కేకొద్దీ ఆ వాల్వు వాక్యూమ్ ని తగ్గిస్తుంది. గేర్ బాక్స్ మాత్రం తాను పెట్రోలు ఇంజనుతోనే కాపురం చేస్తున్నాననుకుంటుంది. మా భాషలో చెప్పాలంటే, పాత కోడ్ ని ముట్టుకోకుండా మధ్యలో ఒక అడాప్టర్ రాశారన్నమాట.

అడాప్టర్ అన్నాక బగ్గులు కూడా అక్కడే ఉంటాయి. అదే పంపు నుంచి బ్రేకులకీ వాక్యూమ్ వెళ్తుంది. ఆనాటి కొన్ని జర్మన్ డీజిళ్ళలో తలుపుల తాళాలు, చివరికి తాళంచెవి తిప్పితే ఇంజను ఆగడం కూడా వాక్యూమ్ తోనే. ముప్పై నలభై ఏళ్ళ రబ్బరు పైపు ఎక్కడో పగులుతుంది. వాక్యూమ్ పడిపోతుంది. పెడల్ పూర్తిగా నొక్కారనుకుని గేర్ బాక్స్ గట్టిగా గేరు వేస్తుంది. దాని తప్పేమీ లేదు, తనకి అందిన అబద్ధాన్ని నమ్మిందంతే.

అలాగని షెడ్డు వాళ్ళు మోసం చేశారని కూడా అనను. మన దగ్గర అంబాసిడర్ డీజిల్, 1991 నాటి టాటా సియెర్రా, 1998 నాటి ఇండికా డీజిల్.. అన్నీ చేత్తో వేసే గేర్లే. స్కార్పియోలో ఆరు గేర్ల ఆటోమేటిక్ వచ్చిందే 2008లో. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ అవతలి ఆటోనగర్ దాకా చాలామంది చేతులు తిరిగింది చేతి గేర్ల బళ్ళ మీదే. ఆ అనుభవంతో చూస్తే గేరు తేడా చేసిందంటే విప్పి చూడాల్సిందే.

చివరికి ఒక పెద్దాయన దొరికాడు. ఆయన గేరు గురించి అడగనే లేదు. "చాబీ తిప్పినాక ఇంజన్ వెంటనే బంద్ అవుతదా సార్?" అన్నాడు. లేదు, కొన్ని సెకన్లు ఆడి ఆగేది. మేమెప్పుడూ ఆ రెంటినీ కలిపి ఆలోచించలేదు! ఆయన ముందు నూనె మట్టం, రంగు చూశాడు. ఎర్రగానే ఉంది, మాడు వాసన లేదు. తర్వాత ఒక్కో పైపు మూసుకుంటూ వెళ్ళాడు. వెనక తలుపు తాళం పైపు మూయగానే ఇంజను టక్కున ఆగింది. రోడ్డెక్కి చూస్తే కుదుపు లేదు.

నూనె నల్లబడి మాడు వాసనొస్తే, ఇంజను అరుస్తున్నా బండి కదలకపోతే, అప్పుడు గేర్ బాక్స్ దించాల్సిందే. మాడ్యులేటర్ పైపులో ఎర్ర నూనె కనిపిస్తే మాత్రం దాని లోపలి పొర చిరిగినట్టు, మాడ్యులేటర్ మారిస్తే చాలు. కానీ ముందు నూనె, తర్వాత వాక్యూమ్, ఆ తర్వాత పెడల్ నుంచి గేర్ బాక్సుకి వెళ్ళే కేబుల్, అన్నిటికంటే చివర్లో గేర్ బాక్స్. చౌకది ముందు, ఖరీదైంది ఆఖర్న. 1996లో మెర్సిడెస్ ఎలక్ట్రానిక్ గేర్ బాక్స్ తెచ్చాక ఈ పైపుల పని సెన్సర్లకి పోయింది. పద్ధతి మాత్రం అదే: లోపలికి ఏం వెళ్తోందో చూడకుండా లోపలున్నదాన్ని తిట్టకూడదు.

బాబాయి కారు అమ్మలేదు. ఆ పైపు అలా మూసే ఉంది, వెనక తలుపు తాళం ఇప్పటికీ చేత్తోనే వేసుకుంటున్నాడు.