బందరు నుండి బుల్లి గ్రహం దాకా

1910వ సంవత్సరంలో మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో ఒక వింత ప్రదర్శన జరిగింది. తెల్లని తెర మీద బొమ్మలు కదిలాయి. కదలడమే కాదు, గ్రామఫోను పళ్లెం నుండి వచ్చే శబ్దంతో కలిసి అవి పలికాయి కూడ. ఆ యంత్రం పేరు క్రోనోమెగాఫోను. దానిని తెప్పించి ప్రదర్శించినవారు రఘుపతి వెంకయ్య నాయుడు. ఆయన 1869లో మచిలీపట్టణంలో జన్మించారు. మద్రాసు చేరి ఛాయాచిత్రకారుడుగా పేరు తెచ్చుకొన్నారు. నిలిచి ఉండే బొమ్మలతో తృప్తి చెందక, కదిలే బొమ్మల కోసం తన స్టూడియోను కుదువబెట్టారు. ఆ యంత్రాన్ని తీసుకొని బర్మా, సింహళాల దాకా తిరిగారు.

సరిగా నూరు సంవత్సరాల తరువాత, 2010 డిసెంబరులో, ఫ్రాన్సు దేశపు టెలివిజన్‌లో పిల్లల కొరకు ఒక బొమ్మల కథామాల ప్రారంభమైంది. అందులోని బాలుడు ఒక బుల్లి గ్రహం విడిచి, గ్రహం తరువాత గ్రహం తిరుగుతాడు. ఆ కథామాల నిర్మాణంలో ఫ్రాన్సులోని మెథడ్ యానిమేషన్‌తో పాటు హైదరాబాదులోని డి.క్యూ. ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ కూడ భాగస్వామి. బందరు బిడ్డ అద్దెహాలులో బొమ్మలను కదిలించిన నాటికీ, తెలుగుగడ్డ మీది కార్యశాల అన్యగ్రహాల బొమ్మల నిర్మాణంలో పాలుపంచుకొన్న నాటికీ నడుమ సాగిన చరిత్ర తెలుసుకోదగినది.

కదలని బొమ్మలు కదిలే తీరు

కృష్ణా డెల్టా పల్లెలలో తోలుబొమ్మలాట చూచినవారికి తెర మీద బొమ్మ కదలడం కొత్త కాదు. ఐతే ఒక భేదం ఉన్నది. తోలుబొమ్మలాటలో ఆటగాడు వెదురుపుల్ల పట్టుకొని బొమ్మను నిజంగానే కదలిస్తాడు. చలనచిత్రంలో ఏ బొమ్మా కదలదు. కొంచెము కొంచెము మార్పుగల నిశ్చల చిత్రాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి నిలుస్తాయి. సామాన్యంగా సెకనుకు 24 చిత్రాలు. కదలిక తెర మీద లేదు, చూచేవానిలో ఉన్నది.

దీనికి కారణమేమి? కంటిమీద పడిన బొమ్మ క్షణకాలం చెరగకుండ నిలుస్తుందని, అందువలన వరుస బొమ్మలు కలిసిపోతాయని చాలాకాలం చెప్పేవారు. 1824లో పీటర్ మార్క్ రోజే ఈ విషయమై ఒక వ్యాసం సమర్పించాడు. 1832లో బెల్జియం శాస్త్రజ్ఞుడు ప్లాటో ఒక తిరిగే చక్రం మీద బొమ్మలు గీసి వాటిని నాట్యమాడించాడు. కాని కంటిలో బొమ్మ నిలవడం ఒక్కటే కారణమైతే బొమ్మలన్నీ ఒకదానిమీద ఒకటి పడి అలుక్కుపోవలెను గాని నడవరాదు. 1912లో మాక్స్ వెర్ట్‌హైమర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జరిపిన ప్రయోగాలు అసలు పని మెదడుదని చూపాయి. ఇక్కడొక గీత వెలిగి ఆరి, వెంటనే అక్కడొక గీత వెలిగితే, ఒకే గీత ఇక్కడినుండి అక్కడికి పోయినదని మెదడు నిర్ణయిస్తుంది. వ్యాసపుస్తకం అంచులలో బొమ్మలు గీసి బొటనవ్రేలితో పుటలు జారవిడిచే ప్రతి విద్యార్థీ ఈ ప్రయోగం చేసినవాడే.

1895 డిసెంబరు 28న పారిసులో లూమియేర్ సోదరులు చలనచిత్రాలను ప్రజలకు చూపారు. 1896 జులై 7న అవి బొంబాయి చేరాయి. అవి కెమేరా పట్టిన బొమ్మలు. చేతితో గీసిన బొమ్మలకు ప్రాణం పోసినవారిలో ప్రథమగణ్యుడు ఎమీల్ కోల్. ఆయన 1908లో సుమారు 700 బొమ్మలు గీసి రెండు నిమిషాలు నడవని చిత్రం తయారు చేశాడు. ప్రతి బొమ్మలోను ఇల్లూ చెట్టూ మళ్లీ మళ్లీ గీయడం ఎంత శ్రమ! 1914లో అమెరికాలో ఎర్ల్ హర్డ్ ఒక ఉపాయం కనిపెట్టాడు. కదలని దృశ్యం ఒక కాగితం మీద, కదిలే పాత్ర పారదర్శకమైన సెల్యులాయిడ్ రేకు మీద గీసి, ఒకదానిపై ఒకటి పరచి ఫోటో తీయడమే ఆ ఉపాయం. పెడనలో కలంకారీ అద్దేవారికి ఈ పద్ధతి చెప్పకనే తెలుస్తుంది. అక్కడ రూపురేఖలకు ఒక అచ్చు, ప్రతి రంగుకూ వేరొక అచ్చు. అన్నీ గురి తప్పకుండ ఒకే చోట పడితేనే పువ్వు పువ్వుగా కనిపిస్తుంది.

మన దేశంలో దాదాసాహెబ్ ఫాల్కే 1915లోనే అగ్గిపుల్లలను కదిలించి ఒక చిత్రం తీశాడు. 1956లో ఫిలిమ్స్ డివిజన్ కార్టూను చిత్రాల శాఖను నెలకొల్పింది. డిస్నీ కార్యశాలలో పనిచేసిన క్లేర్ వీక్స్ అక్కడి చిత్రకారులకు శిక్షణ ఇచ్చాడు. జాతకకథ ఆధారంగా 1957లో ‘ది బనియన్ డీర్’ వెలువడింది.

అరటిచెట్టు, పిలకలు

ఒక ప్రసిద్ధ కథలోని పాత్రనో సన్నివేశాన్నో తీసుకొని మరొక కథ అల్లడం నేటి టెలివిజన్ వారికి పరిపాటి. అరటిచెట్టు మొదట్లో పిలక పుట్టి, వేరుచేసి నాటితే తానే చెట్టైనట్లు, మూలకథ ప్రక్కన పిలకకథ పెరుగుతుంది. తెలుగువారికి ఇది పాత విద్యే. దివిసీమకు అనతిదూరంలోని కూచిపూడిలో పుట్టిన భామాకలాపం పారిజాతాపహరణ కథకు పిలక. వ్యాస భారతంలో లేని శశిరేఖా పరిణయం 1957లో ‘మాయాబజార్’గా తెర కెక్కింది. అందులో కృష్ణుడైన ఎన్.టి. రామారావు, అభిమన్యుడైన అక్కినేని నాగేశ్వరరావు, సంగీతం కూర్చిన ఘంటసాల వెంకటేశ్వరరావు – ముగ్గురి స్వగ్రామాలూ గుడివాడ చుట్టుప్రక్కలవే. హైదరాబాదులో రాజీవ్ చిలక 2001లో స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ 2008లో ‘ఛోటా భీమ్’ను ప్రారంభించింది. 2019లో దాని పిలకగా, ఆ భీముడు పసివాడుగా ఉన్ననాటి కథామాల ‘మైటీ లిటిల్ భీమ్’ వచ్చింది.

మొదట చెప్పిన ఫ్రెంచి కథామాలకు మూలం ‘లె పెతీ ప్రెన్స్’, అనగా ‘చిన్న రాకుమారుడు’. దానిని ఆంత్వాన్ ద సాంతెగ్జుపెరి అనే విమాన చోదకుడు వ్రాసి 1943లో ప్రచురించాడు. 1944 జులై 31న యుద్ధవిధిలో ఎగిరిన ఆయన తిరిగి రాలేదు. ఆయన విమాన శకలాలు మార్సే తీరంలో 2000లో దొరికాయి. 2004లో అవి ఆయనవేనని తేలింది.

మూలకథలో రాకుమారుడు తన బి-612 గ్రహం మీద ఒక గులాబీని విడిచి వస్తాడు. టెలివిజన్ కథామాలలో అతడు నక్కను తోడు తీసుకొని, ఒక సర్పం చీకటి పాలు చేయబూనిన గ్రహాలను కాపాడుతూ తిరుగుతాడు, గులాబీకి ఉత్తరాలు వ్రాస్తూ ఉంటాడు. తన పుస్తకంలో గీసిన బొమ్మ మీద అతడు ఊపిరి ఊదితే అది ప్రాణంతో లేచి వస్తుంది. ఈ కళ సారమంతా ఆ ఒక్క చేష్టలో ఉన్నది.

నిజానికి ఆ ఊపిరి వెనుక ఎంత లెక్క ఉన్నది! ఇవి కంప్యూటరులో రూపొందిన త్రిపరిమాణ చిత్రాలు. ముందు పాత్ర ఆకారాన్ని వేలకొలది చిన్న పలకలతో నిర్మిస్తారు. లోపల ఎముకల గూడు వంటి అమరిక పెడతారు. ముఖ్యమైన భంగిమలను కళాకారుడు నిర్ణయిస్తే, నడిమి భంగిమలను యంత్రం గణిస్తుంది. తరువాత వెలుగు ఎటునుండి పడి ఎటు పరావర్తనం చెందునో లెక్కించి ఒక్కొక్క చిత్రాన్ని పూర్తి చేస్తుంది. 26 నిమిషాల భాగంలో, సెకనుకు 24 చొప్పున, 37,440 చిత్రాలు ఉంటాయి. ఒక్కొక్క దానికి ఒక గంట పట్టుననుకొంటే, ఒకే యంత్రానికి 1,560 రోజులు, అనగా నాలుగేళ్లకు పైగా పడుతుంది. అందుచేతనే వందల యంత్రాలను కలిపి పని చేయిస్తారు.

బుల్లి గ్రహం మీద నిలబడగలమా?

కథలోని గ్రహం ఇల్లంత మాత్రమే. తరగతిలో దీనిని పరీక్షించవచ్చును. గ్రహ వ్యాసార్ధం 10 మీటర్లు, సాంద్రత మామూలు రాతివలె ఘనమీటరుకు 3,000 కిలోగ్రాములు అనుకొందాము. న్యూటను సూత్రం ప్రకారం దాని ఉపరితలం మీద గురుత్వాకర్షణ భూమి మీదిదానిలో పది లక్షల వంతు కంటె తక్కువ. పలాయన వేగం సెకనుకు 1.3 సెంటీమీటర్లు. అది చీమ నడక వంటిది! రాకుమారుడు ఒక్క అడుగు వేస్తే చాలు, తిరిగిరాని విధంగా ఆకాశంలోకి పోతాడు. సెకనుకు వందల మీటర్ల వేగంతో చలించే గాలి అణువులను ఆ గ్రహం క్షణమైనా పట్టి ఉంచలేదు. గాలి లేక గులాబీ లేదు. ఇది కథకు దోషం కాదు. కథ వేరు, కొలత వేరు అని తెలిసినప్పుడే రెంటినీ ఆనందించగలము.

ఖగోళ శాస్త్రజ్ఞులు కూడ ఈ కథను మరువలేదు. 1993లో జపానులో కనుగొన్న ఒక లఘుగ్రహానికి 46610 సంఖ్య వచ్చింది. ఆ సంఖ్యను పదహారు ఆధారంగా గల పద్ధతిలో వ్రాస్తే బి-612 అవుతుంది. అందులో బి అంటే 11. పదకొండు 4,096లు, ఆరు 256లు, ఒక 16, ఒక 2 కూడి చూడుడు. ఆ లఘుగ్రహానికి ఫ్రెంచిలో బి-612 అనే అర్థం వచ్చే పేరే పెట్టారు.

మూలకథలో ఈ గ్రహాన్ని కనుగొన్నవాడు ఒక తురుష్క ఖగోళజ్ఞుడు. 1909లో ఆయన సభలో చెప్పినప్పుడు, వేషం చూచి ఎవరూ నమ్మరు. 1920లో ఐరోపా దుస్తులు ధరించి అదే విషయం చెబితే అందరూ ఒప్పుకొంటారు. ఈ పరిహాసం తెలుగు పాఠకునికి మరొక చరిత్రను గుర్తుకు తెస్తుంది.

మద్రాసు నక్షత్రశాల అధిపతి నార్మన్ పోగ్సన్ 1861లో ఒక లఘుగ్రహాన్ని కనుగొన్నాడు. ఆసియా ఖండం నుండి కనుగొన్న మొదటిది గనుక దానికి ‘ఏషియా’ అని పేరు పెట్టారు. ఈ పోగ్సనే 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి మచిలీపట్టణం వచ్చాడు. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ దిగాడు. పోగ్సన్ సహాయకుడు చింతామణి రఘునాథాచారి వనపర్తి వెళ్లారు. సూర్యుని అంచు జ్వాలల కాంతిలో కనిపించిన పసుపు గీత సోడియం గీతతో సరిపోలేదు. ఆ గీత నుండే హీలియం చరిత్ర మొదలైంది. భూమి మీద దానిని వేరు చేయడానికి 1895 దాకా పట్టింది. రఘునాథాచారి 1867లో ‘ఆర్ రెటిక్యులి’ అనే చరతారను కనుగొన్నారు. 1874లో రానున్న శుక్ర సంక్రమణం గురించి సామాన్యులకు తెలియజెప్పే చిన్న పుస్తకం వ్రాసి దేశభాషలలో కూడ వెలువరించారు. ఆయన వేసిన తలపాగా గాని, పోగ్సన్ తొడిగిన కోటు గాని నక్షత్రం వెలుగును మార్చలేదు. మరొకడు చూచి సరిచూడగలిగినదే శాస్త్రం.

మన గ్రహపు బొమ్మలు

సూర్యుని వంటి మరొక నక్షత్రం చుట్టూ గ్రహం ఉన్నదని 1995లో తొలిసారి తెలిసింది. నేటికి అట్టి పరాయి గ్రహాలు ఐదు వేలకు పైగా తేలాయి. వాటి నేలలను, కొండలను చూపే రంగు చిత్రాలన్నీ కళాకారుల ఊహలే. ఏది కొలిచిన బొమ్మ, ఏది ఊహించిన బొమ్మ అనే వివేకాన్ని పిల్లలకు నేర్పడం ఉపాధ్యాయుని పని. ఈ వివేకం విలువ కృష్ణా ముఖద్వారంలోని వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరులో సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకొన్నది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పదివేలకు పైగా ప్రజలు మరణించారు. అప్పటికి విదేశీ ఉపగ్రహాల మేఘచిత్రాలు దినానికి కొద్ది మారులే అందేవి. తుపాను ఉన్నదని తెలిసినా, హెచ్చరిక తీరపు పల్లెలను సకాలంలో కదిలించలేకపోయింది.

1983 ఆగస్టులో ఇన్శాట్-1బి ఉపగ్రహం ఎగిరింది. సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, భూమితో సమానంగా తిరుగుతూ, అది ఒకేచోట నిలిచినట్లుండి మేఘాలను మాటిమాటికి చిత్రించేది. అరగంటకొక చిత్రం చొప్పున దినానికి 48. వాటిని వరుసగా సెకనుకు 12 చొప్పున త్రిప్పితే, ఒక దినపు తుపాను నాలుగు సెకన్లలో కండ్ల ముందు నడుస్తుంది. కోల్ చేతి బొమ్మలకూ వీటికీ సూత్రం ఒక్కటే. ఐతే ఇవి ఊహించినవి కావు, కొలిచినవి. 1990 మే 9న, ఇంచుమించు 1977 నాటి తీవ్రత గల తుపాను మళ్లీ కృష్ణా ముఖద్వారం వద్దనే తీరం దాటింది. ఉపగ్రహమూ రాడారూ దాని దారిని చూపాయి. అధికారులు లక్షకు పైగా ప్రజలను ముందే తరలించారు. మరణాలు వేయి లోపున ఆగాయి. ఆ వేయి కూడ చిన్న సంఖ్య కాదు. కాని 1977తో పోల్చినప్పుడు ఎన్ని ఇండ్లలో దీపం నిలిచినదో ఊహించవచ్చును.

నేడు బందరులో డాప్లర్ రాడారు ఉన్నది. తుపాను దినాలలో దివిసీమ పిల్లలు కూడ చేతి ఫోనులో ఆ తిరిగే మేఘాలను చూస్తారు. అదే తెర మీద రాకుమారుడు గ్రహాలు తిరిగే కథను కూడ చూస్తారు. రెండూ కదలని బొమ్మల వరుసలే. మొదటిది చూచి ఇల్లు కదలవలెనని, రెండవది చూచి హాయిగా నవ్వవచ్చునని తెలిసిన పిల్లవాడు శాస్త్రం చదువుకొన్నవాడే.